ఎర్నస్టీన్ రాయించని వీలునామా

ఎర్నస్టీన్ ఇంట్లో వీలునామా ఊసెత్తకూడదు. అమెరికాలో సౌత్ కరొలైనా తీరంలో, స్కూలు వంటగదిలో ఆమె పక్కనే పనిచేసే విమలకుమారికి ఆ సంగతి ఆలస్యంగా తెలిసింది.

"బానిసల రోజుల్లో మా నాన్నమ్మ పేరు దొర వీలునామాలో ఉండేది," అంది ఎర్నస్టీన్ ఒకరోజు బీన్స్ ఈనెలు తీస్తూ. "గుర్రాల తర్వాత, మంచాలకి ముందు. దొర పోయాక కొడుకులిద్దరూ కోర్టుకెక్కారు. మనుషుల్ని సమంగా కొయ్యడం కుదరదుగా. కోర్టు మెట్ల మీద అమ్మి డబ్బు పంచుకోమన్నాడు జడ్జి. నాన్నమ్మ అప్పటికి చిన్నపిల్ల. తల్లినొకడు కొన్నాడు, పిల్లనింకొకడు."

ఆ పిల్ల పెద్దదై, బానిసత్వం పోయాక, మొగుడితో కలిసి పైసా పైసా కూడబెట్టి, ఇప్పుడు ఎర్నస్టీన్ ఇల్లున్న ఈ నేల కొంది. కానీ వీలునామా రాయనివ్వలేదు. మనల్ని పంచిన కాగితం మన గడప తొక్కకూడదంది. కొడుకూ ఆ మాటే నిలబెట్టాడు, మనవరాలు ఎర్నస్టీనూ నిలబెట్టింది. నేల అందరిదీ అనుకున్నారు.

అదే కొంప ముంచింది. వీలునామా లేకపోతే వారసులందరికీ వాటా ఉంటుంది, ఎవరి వాటా వాళ్ళు ఎవరికైనా అమ్ముకోవచ్చు. డెట్రాయిట్ కార్ల ఫ్యాక్టరీలో పని పోయిన పినతండ్రి కొడుకు లీరాయ్, తన వాటాని ఒక రిసార్ట్ కంపెనీకి అమ్మేశాడు. కంపెనీ కోర్టుకెళ్ళి మొత్తం నేలని వేలం వెయ్యమంది.

"మీ భాగం మీకు విడిగా ఇమ్మని అడగొచ్చుగా, మిస్ ఎర్నస్టీన్?" అంది విమల.

"అడిగాను, బేబీ. ఇంతమందికి ముక్కలు చెయ్యడం కుదరదట. అమ్మి డబ్బు పంచుకోవాలట. మా ఇంట్లో విననిదేం కాదులే."

1984 వసంతంలో వేలం జరిగింది. విమల భర్త జోసఫ్ ఇద్దరినీ కారెక్కించాడు. దారిలో తెలుగులో అన్నాడు: "ఈవిడకీ చెక్ వస్తుందిగా. మంచి అపార్ట్‌మెంట్ రెంట్‌కి తీసుకోవచ్చు."

"మీరు డ్రైవ్ చెయ్యండి," అంది విమల.

చర్చికి పెట్టుకునే టోపీతో ఎర్నస్టీన్ కోర్టు మెట్ల కింద నిలబడింది. కంపెనీ మనిషి తప్ప ఎవరూ పాడలేదు. అయిపోయాక ఆ కంపెనీ లాయరే దగ్గరికొచ్చి, ఇల్లు ఎప్పటికి ఖాళీ అవుతుందని మర్యాదగా అడిగాడు. ఆమె అతని బూట్ల వంక చూసి, కారు వైపు నడిచింది.

ఇంటి ముందు దిగాక విమల ఉండబట్టలేకపోయింది. "వచ్చే డబ్బుకైనా వీలునామా రాయించండి."

"రాయిస్తాను. డబ్బునెన్ని ముక్కలు చేసినా ఏడవదుగా."

టోపీ తియ్యకుండానే పెరట్లోకి వెళ్ళి ఆకుకూర కొయ్యడం మొదలుపెట్టింది. మామూలుగా వచ్చే వారానికని వదిలే లేత మొక్కల్ని కూడా వేళ్ళతో సహా పీకేసింది.