స్పేస్‌బార్ మీద రెండు వేళ్ళు

వంతులవారీగా ఆడే ఆటలో ఉన్న సుఖమల్లా ఆ వంతే. మన వంతు వచ్చినప్పుడు అవతలివాడు ఎంత మొనగాడైనా నోరు మూసుకుని కూర్చోవాలి. తెర మీద గడియారం తిరుగుతుంటుంది, ఆ నిమిషం మనది. గురి చూస్తామో, దిక్కులు చూస్తామో మన ఇష్టం. మా ఇంట్లో ఆ నిమిషం నాకు పదేళ్ళపాటు దక్కలేదు. ఇప్పుడు తలుచుకున్నా ఒళ్ళు మండుతుంది.

బెజవాడ పటమటలో మేమున్న ఇంటికి కంప్యూటర్ వచ్చేనాటికి నేను ఏడో తరగతి, అన్నయ్య ఇంటర్. నాన్నగారికి వన్‌టౌన్‌లో చేనేత బట్టల దుకాణం. ఆయన తరఫు వాళ్ళంతా చల్లపల్లి పక్కన మగ్గం నేసినవాళ్ళు. దుకాణం లెక్కలన్నీ కంప్యూటర్లో పెట్టేస్తానని అన్నయ్య నమ్మబలికితే నాన్నగారు కొన్నారు. అది లెక్కలు చూసిన పాపాన పోలేదు. కొన్న వారానికే అన్నయ్య స్నేహితుడొకడు ఓ కాపీ సీడీ తెచ్చి అందులో పురుగుల ఆట ఎక్కించి పోయాడు.

పురుగులంటే పురుగులు కావు, వానపాములు. గులాబీరంగు ఒళ్ళు, ఇంతింత కళ్ళు. చుట్టూ నీళ్ళు, మధ్యలో ఓ దిబ్బ. దాని మీద నా వానపాములు నాలుగు, అన్నయ్యవి నాలుగు. ఒకసారి వాడు, ఒకసారి నేను, ఎదుటివాటి మీద బాంబులు వెయ్యాలి. గాలి ఎటు వీస్తుందో కింద ఒక గీత చూపిస్తుంది. పేలినచోట దిబ్బ గుంటపడుతుంది, జారినది నీళ్ళలో పడి చస్తుంది. తుపాకులూ గ్రెనేడ్లూ సరే, గంతులేసుకుంటూ వెళ్ళి ఢామ్మని పేలే గొర్రె కూడా ఉండేది. చావబోయే వానపాము కీచుగొంతుతో టాటా చెప్పి, తనను తానే పేల్చుకుని, ఒక బుల్లి సమాధిరాయి మిగిల్చేది. అమ్మ మొదటిసారి చూసి, "ఛీ, పురుగుల ఆటేంట్రా అన్నం తినే టైంలో" అని గదిలోంచి వెళ్ళిపోయింది. మర్నాడు ఆవిడే తలుపు దగ్గర నిలబడి గొర్రె ఎప్పుడొస్తుందని అడిగింది.

జట్లకు పేర్లు పెట్టుకోవచ్చు. అన్నయ్య తన నలుగురికీ రాజుల పేర్లు పెట్టుకున్నాడు. నా నలుగురికీ నన్నడక్కుండానే వంకాయ, బెండకాయ, దోసకాయ, గోంగూర అని పెట్టేశాడు. నేనేడిస్తే "సరదాకే కదే" అన్నాడు. వాళ్ళ రాజుగారు మా బెండకాయను నీళ్ళలోకి నెట్టినప్పుడల్లా ఇంటిల్లిపాదీ నవ్వేవాళ్ళు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం.

అది కూడా భరించాను. భరించలేనిది స్పేస్‌బార్ దగ్గర జరిగేది. ఆ ఆటలో బలమంతా స్పేస్‌బార్‌ది. గురి చూసుకున్నాక దాన్ని నొక్కి పట్టుకోవాలి. ఎంతసేపు పట్టుకుంటే బాంబు అంత దూరం పోతుంది. సరిగ్గా ఎప్పుడు వదలాలన్నదే ఆటంతా. నేను గురి చూసుకుని, గాలి చూసుకుని, ఊపిరి బిగబట్టి నొక్కేదాన్ని. వెంటనే నా వేలి మీద అన్నయ్య వేలు పడేది.

"ఆగవే, ఆగు, ఇంకొంచెం... ఇంకొంచెం... ఆ! ఒదులు!"

నేను వదిలేదేముంది, వాడు వేలు తీస్తే నా వేలు దానంతటదే పైకి లేచేది. బాంబు పోయి సరిగ్గా వాడి రాజు నెత్తి మీదే పడేది. వాడి జట్టును వాడే చంపుకుని, "చూశావా, ఎట్టా కొట్టావో! నువ్వే!" అని నా వీపు తట్టేవాడు. నా అరికాలి మంట నెత్తికెక్కేది. ఓడిస్తే ఏడవచ్చు, గెలిపిస్తే ఏమని ఏడుస్తాం? అమ్మతో చెప్పుకుంటే, "దాన్ని ఆడనివ్వరా" అనేది వంటింట్లోంచి. "ఆడుతోంది కదమ్మా, గెలిచింది కూడా" అనేవాడు వీడు. అందులో అబద్ధం ఏముందో ఆవిడకు అర్థమయ్యేది కాదు. నాకూ చెప్పడం వచ్చేది కాదు.

అన్నయ్య చెడ్డవాడు కాదు. జామకాయ దొరికితే పెద్ద ముక్క నాకే ఇచ్చేవాడు. నాకు ఆట నేర్పుతున్నానని నిజంగానే నమ్మాడు. అదే నా కర్మ. చెడ్డవాడైతే చెయ్యి కొరికేదాన్ని.

ఒకే ఒక్కసారి అవకాశం వచ్చింది. మే నెల, మధ్యాహ్నం, బెజవాడ ఎండ. వాడికి ఒక్క వానపామే మిగిలింది, నాకు బెండకాయ మిగిలింది. నా వంతు. వాడు మంచినీళ్ళకని లేచి వంటింట్లోకి వెళ్ళాడు. గదిలో నేను ఒక్కదాన్నే. చెమట చేతిని గౌనుకు తుడుచుకున్నాను. గాలి ఎదురుగా ఉంది, అందుకని గురి కాస్త పైకెత్తాను. నొక్కాను. పట్టుకున్నాను. నాకు నేనే వదిలాను. బాంబు లేచింది, వంపు తిరిగింది, అన్నయ్య రాజుగారి వైపు దిగుతోంది. కరెంటు పోయింది.

తెర నల్లగా అయిపోయింది. ఫ్యాను మెల్లగా ఆగింది. వాడు గ్లాసుతో వచ్చి, జరిగింది విని, "ఎట్టాగూ తగిలేది కాదులే" అన్నాడు. తగిలేది. ఇప్పటికీ ఒట్టేసి చెబుతాను, తగిలేది.

మేం పెరిగాం, ఆట కూడా పెరిగింది. తర్వాతి సీడీలో కొత్త ఆయుధాలు బోలెడు. తాడు పట్టుకుని కోతిలా ఊగొచ్చు. పైనుంచి రాతి గాడిద పడుతుంది. ఒక ముసలమ్మ సణుక్కుంటూ నడిచివెళ్ళి పేలిపోతుంది. ఆయుధాల బొమ్మలన్నీ వరసగా ఉండే బల్లలో ఒక మూల వంతు వదులుకునే బొమ్మ కూడా ఉండేది. అది నొక్కితే ఏమీ చెయ్యకుండా మన వంతు అవతలివాళ్ళకు పోతుంది. ఎవడైనా బుద్ధున్నవాడు చేతికొచ్చిన వంతును వదులుకుంటాడా అని ఆ బొమ్మను చూసినప్పుడల్లా చిరాకేసేది. నాకు అసలు దొరకనిదాన్ని వదులుకోవడానికి ఒక బొమ్మ!

ఆ తర్వాత ఎవరికి ఏం పుట్టిందో, ఆటను త్రీడీ చేశారు. బల్లపరుపుగా హాయిగా ఉన్న దిబ్బ కాస్తా నలుమూలలా తిరిగే కొండయింది. శత్రువు ఎక్కడున్నాడో చూడటానికి కెమెరా తిప్పాలి. తిప్పేసరికి మన వానపాము కనపడదు. దాన్ని వెతికేసరికి టైం అయిపోతుంది. అప్పటికి నేను డిగ్రీలో ఉన్నాను, అన్నయ్య చదువు ముగించి దుకాణంలో కూర్చుంటున్నాడు. "ఇది నీకు బొత్తిగా రాదులేవే" అని ఈసారి మౌసు కూడా వాడే తీసేసుకున్నాడు. అంతకుముందు వేలైనా ఉండేది నాది, ఇప్పుడు అదీ లేదు. వాడికీ రాలేదనుకోండి. కొండ చుట్టూ నాలుగు రోజులు తిరిగి, విసుగొచ్చి వదిలేశాడు.

ఆ ఆటను మొదట తయారుచేసింది ఇంగ్లండులో ఒక స్కూలు కుర్రాడని తర్వాతెప్పుడో చదివాను. స్నేహితులతో ఆడుకోవడానికి చేసుకుని, ఏదో పోటీకి పంపితే బహుమతి కూడా రాలేదట. అతను దాన్ని ఒక ఆటల కంపెనీ దగ్గరకు పట్టుకెళితే వాళ్ళు తీసుకున్నారు. అది చదివి ఆ కుర్రాడి మీద నాకు అభిమానం కలిగింది. కుళ్ళు కూడా పుట్టింది. అతని పక్కన అన్నయ్య లేడు.

నాకు గుడివాడలో ఒక ప్రైవేటు కాలేజీలో ఉద్యోగం వచ్చింది. రోజూ బస్సులో పోయి వచ్చేదాన్ని. శ్రావణమాసం ముందు ఒకరోజు సెలవు పెట్టి, తోటి టీచర్లకు చీరలు తీసుకుందామని పొద్దున్నే వన్‌టౌన్ దుకాణానికి వెళ్ళాను. నేను దుకాణం తెరిచే వేళకు వెళ్ళడం అదే మొదలు. నాన్నగారు దేవుడి పటానికి అగరొత్తులు వెలిగిస్తున్నారు. ఇంతలో ఒకావిడ వచ్చింది. అన్నయ్య "రండమ్మా, కూర్చోండి" అని చీర తీసి, అంచు పైకి వచ్చేలా పరవబోయాడు. నాన్నగారు అగరొత్తి చేత్తోనే వచ్చారు.

"ఇట్టా తే. బోణీ టైంలో నిన్ను ముట్టుకోవద్దన్నానా?"

ఎప్పుడో దుకాణంలో చేరిన కొత్తలో అన్నయ్య బోణీ చేసినరోజు సాయంత్రం దాకా బేరం తగల్లేదట. అప్పట్నుంచి వాడి హస్తవాసి మంచిది కాదని నాన్నగారికి గట్టి నమ్మకం. మొదటి చీర ఆయన చేత్తో పరిచాకైనా వాణ్ణి వదిలారా అంటే అదీ లేదు. అన్నయ్య చీర విప్పితే ఆయన కొంగు సరిచేశారు. అన్నయ్య నేత గురించి చెబుతుంటే మధ్యలో ఆయన అందుకున్నారు. అన్నయ్య మడత పెడితే ఆయన విప్పి మళ్ళీ పెట్టారు. ఆవిడ రెండు చీరలు తీసుకుని వెళ్ళాక, "చూశావా, బేరం కుదిరింది" అని వాడి భుజం తట్టారు. ముప్ఫయ్యేళ్ళు రాబోతున్నవాడు తల ఊపాడు. వాడి రెండు చేతులూ బల్ల మీద ఊరికే పడున్నాయి.

నాకు జాలి వెయ్యాలి. వెయ్యలేదు, కోపమొచ్చింది. పదేళ్ళు నా వేలు నొక్కింది ఈ చెయ్యేనా అని. నాన్నగారి ముందు లేవని ఈ చెయ్యి నా మీద ఎలా లేచిందని. ఆ కోపంతోనే మరుసటి ఆదివారం పాత సీడీ వెతికి, తుడిచి, కంప్యూటర్లో పెట్టాను. త్రీడీ కాదు, ముసలమ్మా రాతి గాడిదా ఉన్న బల్లపరుపు ఆట. అన్నయ్యను పిలిచాను. "ఇప్పుడెందుకే" అంటూనే కుర్చీ లాక్కున్నాడు.

బెండకాయ వంతు వచ్చింది. గురి చూసుకున్నాను. స్పేస్‌బార్ మీద వేలు పెట్టాను. వాడి వేలు వచ్చింది.

"అన్నయ్యా, చెయ్యి తియ్యి."

అరవలేదు. మామూలుగానే అన్నాను. వాడు నా మొహం చూసి వేలు తీసేశాడు. అంతే, అంత తేలిక! ఇన్నేళ్ళూ ఈ మూడు ముక్కలు అనడానికి నా నోటికేం రోగమొచ్చింది? నేను నొక్కాను, నేనే వదిలాను. బాంబు గాలికి వెనక్కి కొట్టుకొచ్చి నా బెండకాయ పక్కనే పేలి దాన్ని నీళ్ళలో ముంచింది. దరిద్రంగా కొట్టాను. కడుపు నిండినంత సంతోషమైంది.

వాడి వంతు వచ్చింది. అప్పుడే నాన్నగారు భోజనం చేసి, తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి మా వెనక నిలబడ్డారు. ఆ ఆట ఆయన ఎన్నడూ ఆడలేదు. ఎటునుంచి ఎటు కొట్టాలో కూడా తెలియదు. అన్నయ్య గురి చూస్తున్నాడు. నాన్నగారు తెర వైపు వంగారు.

"అట్టా కాదురా. ఇట్టా తే."

అన్నయ్య లేచాడు. "మీకు రాదు నాన్నగారూ" అని నవ్వనైనా లేదు. బోణీ వేళ దుకాణం బల్ల దగ్గర జరిగినట్టే కుర్చీలోంచి పక్కకు జరిగి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. నాన్నగారు కూర్చోబోయారు.

"నాన్నగారూ, అది అన్నయ్య వంతండీ" అన్నాను.

"ఏం, నేను కొట్టకూడదా ఏంటి?"

"కొట్టకూడదండీ. అన్నయ్యే కొట్టాలి."

ఆయన నన్ను వింతగా చూశారు. ఆటకు ఇంత రాద్ధాంతమేంటన్నట్టు చూశారు. నేను కళ్ళు దించలేదు. అన్నయ్య మాత్రం నేల చూస్తున్నాడు. ఈలోగా గడియారం దాని పని అది చేసుకుపోయింది. టైం అయిపోయింది. బాంబు వెయ్యకుండానే వాడి వంతు పోయింది.

తెర మీద గోంగూర తల ఎగరేస్తోంది. నా వంతు. ఎవరి వేలూ లేదు, అందరూ దూరంగా ఉన్నారు. గాలి కూడా లేదు. ఎదురుగా అన్నయ్య రాజుగారు దిబ్బ అంచున, ఊదితే పడేలా ఉన్నాడు. ఇలాంటి నిమిషం కోసమే కదా ఏడో తరగతినుంచి ఏడ్చింది! నాకు ఏడుపొచ్చేంత విసుగొచ్చింది. ఆయుధాల బల్ల తెరిచి, మూలనున్న ఆ పనికిమాలిన బొమ్మను వెతికి నొక్కాను. వంతు అన్నయ్యకు పోయింది.

"కూర్చో" అన్నాను.

వాడు కూర్చున్నాడు. చాలాసేపు గురి చూశాడు. నాన్నగారి చేతులు తువ్వాలులోనే ఉండిపోయాయి. అన్నయ్య స్పేస్‌బార్ నొక్కి పట్టుకున్నాడు. వదలడం ఆలస్యమైంది. బాంబు గోంగూరను దాటి, దిబ్బను దాటి, నీళ్ళలో పడింది.

నాన్నగారు తువ్వాలు భుజాన వేసుకుని అక్కడే నిలబడ్డారు. నేను నా వంతుకు గాలి చూసుకున్నాను.