చప్పుడు లేని కారు

“సద్దు వస్తే చెప్పు మే. నేను దారాలు చూసుకోవాల.”

“చెప్తాలే. నా చెవులు యాడికీ పోలేదు.”

మా ఆయనా నేనూ మాట్లాడుకున్న ఆఖరి మాటలివి. వేలూరు దగ్గర గుడియాత్తంలో మాది నేతపని. తెల్లవారగానే వీధి పొడవునా పడుగు, అంటే మగ్గానికెక్కించే నిలువు దారాలు, కట్టి గంజి పెడతాం. ఆయన వంగి దారాలు విడదీస్తుంటే, నేను బండ్ల కోసం చెవి పెట్టేదాన్ని.

మా వీధి చివరి ఇంటబ్బాయికి పెట్రోలు రేసు కారుండేది. మూడు వీధుల అవతలే ఉరిమేది. “దీని గొంతులో గంజి పొయ్యా!” అని తిట్టుకుంటూ ఆయన పక్కకు జరిగేవాడు.

ఆ రోజు ఆ అబ్బాయి కొత్తగా కొన్న కరెంటు కారులో వచ్చాడు. వేగం అంతే, చప్పుడు మాత్రం లేదు. నేను వింటూనే ఉన్నాను, మలుపు వైపు చూడలేదు. పడుగు తెగిన చప్పుడే ముందు వినిపించింది. వేలూరు ఆసుపత్రి చేరేలోపే ఆయన ప్రాణం పోయింది.

రెండు కార్లలో ఏది గొప్పదని పిల్లలు వాదించుకుంటే నేను లేచి వెళ్ళిపోతాను. ఆ పాత కారు అరుపే నాకు మేలనిపిస్తుంది.

నేను చెప్తుంటే ఇది రాస్తున్నది మా చెల్లెలి కూతురు అమ్ములు.

“అమ్ములూ, నేను మలుపు పక్క చూడలేదన్నానే, అది రాసినావా, వదిలేసినావా? ఆడినించి చదివి వినిపించమ్మా.”