దేవరాజులు కట్టిన పైపు

తిరుపతి రేణిగుంట రోడ్డులో దేవరాజులు సైలెన్సర్ల షెడ్డు, సీటు కవర్లు కుట్టే నా అంగడి ఒకే గోడకు అటూ ఇటూ ఉంటాయి. ఇరవై రెండేళ్లుగా ఆయన సుత్తి చప్పుడు వింటూ నేను మిషన్ తొక్కుతున్నాను. ఆయన గురించి చెప్పే హక్కు నాకుంది. ఈ సంగతిలో నా సిగ్గు కూడా కొంత ఉంది.

మనిషి పొట్టి, నోరు పెద్దది. టేపు పెట్టి కొలవడం ఆయనకు నామోషీ. ఇనుప కమ్మీని బండి కింద వంచుకుంటూ పోయి, ఆ వంపును బట్టి పైపు కోసి అతికిస్తాడు. నాయుడుపేట నుంచి కూడా లారీలవాళ్లు ఆయన్ను వెతుక్కుంటూ వస్తారు. ఆ పేరు తలకెక్కిందప్పా నీకు అని నేను చాలాసార్లు అన్నాను. విని నవ్వేవాడు.

వకుళ వచ్చింది నిరుడు. పాలిటెక్నిక్‌లో మెకానికల్ పాఠాలు చెబుతుంది, ఇల్లు తిరుచానూరులో. కోయంబత్తూరు నుంచి విడిభాగాలుగా తెప్పించిన రెండు సీట్ల చిన్న కారును సొంతంగా బిగించుకుంది. పాత వ్యాను ఇంజనును విప్పి, కడిగి, తనే తిరిగి కట్టింది. కారును రోడ్డు మీద తిప్పాలని కాదు, కాలేజీ ఆవరణలో నడిపి విద్యార్థులకు చూపాలని. వాళ్ల నాన్న దేవనాథన్ గారు దేవస్థానం ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. పాఠం చెప్పుకునేదానికి చేతులకు గ్రీజెందుకని ఆయన సణుగుడు. కారు నడిచిన రోజు ఆయన నోట ఒక్క మంచి మాట వినాలని ఆమె ఆశ. ఆ ఆశను మా దగ్గర దాచుకోలేదు కూడా.

అన్నీ కుదిరాయి గాని పొగగొట్టం కుదరలేదు. కారుతో వచ్చిన పైపు వేరే ఇంజను కోసం చేసింది. దీనికి పెడితే స్టీరింగు కడ్డీకి తగిలింది. కిందికి దించితే నేల గీరుకుంది. దేవరాజులు మూడు రోజులు కారు కిందే పడుకున్నాడు. పైపును ఏటవాలు ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కను కొంచెం తిప్పి అతికిస్తూ కడ్డీ పక్కనుంచి వంపు తెచ్చాడు. తీరా ఇంజను ఊగితే పైపు మళ్లీ కడ్డీని కొట్టింది. అప్పుడు దాన్ని రబ్బరు ముక్కలకు వేలాడదీసి, మధ్యలో రెండు వేళ్లు పట్టేంత సందు వదిలాడు. వకుళ ఆ వంపును చేత్తో తడిమి, ఇది ఏ పుస్తకంలోనూ లేదన్నా అంది. ఆ పూటంతా ఆయన్ను పట్టలేకపోయాం.

కారుకు పూజ షెడ్డు దగ్గరే శుక్రవారం పెట్టుకున్నారు. పదిన్నరకు రాహుకాలం. పదింటికి ఇంకా ఒక అతుకు మిగిలి ఉంది. నిప్పురవ్వలు ఇంజనులోకి పోకుండా పైపులో తడి గోనెగుడ్డ కుక్కి వెల్డింగు చేయడం దేవరాజులు పద్ధతి. అతుకు పూర్తయ్యాక గోనె లాగేసి, ఆ తర్వాతే వెనక సైలెన్సర్ డబ్బా బిగిస్తాడు. ఆ రోజు దేవనాథన్ గారు టెంకాయ చేతబట్టుకుని గడియారం చూస్తూ నిలబడ్డారు. పదీ ఇరవైకి డబ్బా బిగించి, కానీండి సామీ అన్నాడు దేవరాజులు.

చక్రాల కింద నిమ్మకాయలు నలిగాయి. షెడ్డు నుంచి రోడ్డుకు ఎక్కే వాలు దగ్గర కారు దగ్గి, దగ్గి ఆగిపోయింది. మళ్లీ స్టార్టు చేసినా అంతే. వకుళ దిగి వచ్చి, పొగ దారిలో ఏదైనా అడ్డం పడిందేమో, డబ్బా విప్పి చూద్దామా అని మెల్లగా అడిగింది. చుట్టూ ఇరవై మంది ఉన్నారు. దేవరాజులుకు రోషం వచ్చింది.

"ముప్పై ఏండ్లుగా కడతా ఉండాను. నా పైపులో ఏమీ ఉండదు. ఇంజను ఎవురు కట్టినారో వాళ్లను అడగండి."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. దేవనాథన్ గారు కండువా సర్దుకుని, ఇక చాలు ఇంటికి రామ్మా అన్నారు.

తర్వాత ఆమె ఆ ఇంజనును రెండుసార్లు పూర్తిగా విప్పింది. తప్పు దొరకలేదు. దొరకని తప్పు తన చేతిలోనే ఉందని నమ్మింది. పైపు విప్పి చూడమని మళ్లీ అడగలేదు, ఆయన పనితనం మీద ఆమెకు అంత గురి. కాలేజీలో వర్క్‌షాపు క్లాసులు వద్దని రాసిచ్చి, తీరిక వేళల్లో షెడ్డుకు రావడం మానేసింది. కారు షెడ్డు వెనక టార్పాలిన్ కింద మిగిలింది.

రెండు నెలలకు ఒక జీపు పని మీద ఉండగా దేవరాజులు గోనె తడుపుతూ ఆగిపోయాడు. నా అంగట్లోకి వచ్చాడు. "ఆ పొద్దు నేను గోనె తీసినానా?" అన్నాడు. నాకేం తెలుసు? ఇద్దరం పోయి డబ్బా విప్పాం. దాని మూతి దగ్గర సగం కాలి గడ్డకట్టిన గోనె ఇరుక్కుని ఉంది.

దాన్ని బల్ల కిందికి తోసి, ఇంజను అతుకుల సందు మూసే గ్యాస్కెట్ పోయిందని వకుళకు చెబుతానన్నాడు. సరేలే అన్నాను నేను. ఆ సరేలే ఇప్పటికీ నన్ను కొరుకుతుంది. ఆయనా నేనూ నాలుగు రోజులు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

అయిదో రోజు వకుళ వచ్చింది. కారును విడగొట్టి కావలసినవాళ్లకు ఇచ్చేయండన్నా, నాకు చేతకాదని తేలిపోయింది కదా అంది. చాలా మామూలుగా అంది. దేవరాజులు వంగి బల్ల కింద నుంచి గోనె తీసి ఆమె ముందర పెట్టాడు. ఆమె దాన్ని చేతిలోకి తీసుకుని, కాలిన అంచును వేలితో గీరింది.

"నేను అడిగాను కదన్నా" అంది.

తిట్టినా బాగుండేది. ఇంటికొచ్చి నాన్నగారితో చెప్పండి, అంతకంటే నాకేమీ వద్దు అంది.

ఆ సాయంత్రమే తిరుచానూరు వెళ్లాం. నన్నూ రమ్మన్నాడు, నవ్విన వాళ్లలో నేనూ ఒకణ్ని కాబట్టి. దేవనాథన్ గారు వసారాలో పేపరు చదువుతున్నారు. దేవరాజులు చెప్పులు విడిచి, కింద నిలబడే చెప్పాడు.

"తప్పు నాది సామీ. గోనె నేనే మర్సిపోయినా. పాప కట్టిన ఇంజనులో ఏ లోపమూ లేదు. అంతమంది ముందర నోరు జారినాను."

ఆయన పేపరు మడిచి పక్కన పెట్టారు. కోప్పడతారనుకున్నాను. ఆయన తలెత్తలేదు.

"నువ్వు అమ్మాయిని ఆ మాట ఒక్కరోజే అన్నావు దేవరాజులూ" అన్నారు. "నేను రెండు నెలలుగా రోజూ అంటున్నాను."

వకుళ లోపల వంటింట్లో ఉంది. గిన్నెల చప్పుడు వినిపిస్తోంది. వసారా నుంచి అక్కడికి నాలుగడుగులే. ఆయన కుర్చీ చేతులు పట్టుకుని లేవబోయి, మళ్లీ కూర్చుండిపోయారు.