సముద్రంలో కలిసిన చిరునామా

గంజాం జిల్లా బాలల సంరక్షణ అధికారిగా ఛత్రపురంలో పనిచేసిన చివరి ఏడాది, శ్రావణమాసం మొదటి సోమవారం నా బల్ల మీదికి మలేషియా ఫైలు ఒకటి వచ్చింది. నేరుగా వచ్చింది కాదు. అక్కడి సంక్షేమ శాఖ మన రాయబార కార్యాలయానికి రాస్తే, అది ఢిల్లీకి, ఢిల్లీ నుంచి భువనేశ్వర్‌కు, భువనేశ్వర్ నుంచి మాకు చేరింది. ఇన్ని మెట్లు దిగేసరికి అక్కడి బాలల కోర్టులో విచారణకు పన్నెండు రోజులే మిగిలాయి.

పాప పేరు గంగ. ఏడేళ్లది. తండ్రి ఎర్రయ్య కౌలాలంపూర్‌లో భవన నిర్మాణ పనిలో కింద పడి చనిపోయాడు. తరవాత రెండేళ్లకు తల్లి జ్వరంతో ఆస్పత్రిలో చేరి ఇక లేవలేదు. తన తరఫున ఎవరూ లేరనీ, భర్తది గంజాం పొడంపేట అనీ, అత్తగారి పేరు నూకమ్మ అనీ ఆస్పత్రిలోనే చెప్పిందట. గంగ అప్పటినుంచి అక్కడి ఆశ్రమంలో ఉంది. బంధువులున్నారని విచారణ రోజుకు రుజువు కాకపోతే కోర్టు పాపను అక్కడే ఒక పెంపుడు కుటుంబానికి అప్పగిస్తుంది. అది మంచి కుటుంబమే కావచ్చు. కానీ సొంతవాళ్లు ఉండి, వాళ్లకు సంగతే తెలియకుండా పిల్ల పరాయిదైపోవడం అనేది మా వృత్తిలో అన్నిటికంటే పెద్ద తప్పు.

మా వంతు పని గృహ పరిశీలన నివేదిక. బంధువులమన్నవాళ్లు నిజంగా బంధువులేనా, పిల్లను సాకగలరా అన్నది ఇల్లు చూసి, మనుషులతో మాట్లాడి రాసే కాగితం అది. దాన్ని బాలల సంక్షేమ సమితి ముందు పెట్టాలి. జిల్లాలో పిల్లల విషయంలో ఉత్తర్వు ఇవ్వగలిగేది ఆ సమితే. నేను రాసేదాన్ని మాత్రమే.

మర్నాడు ఉదయమే జీపులో పొడంపేట వెళ్లాను. ఫైల్లో ఉన్న చిరునామా చూపిస్తే, ఒడ్డున వల బాగుచేసుకుంటున్న ఒకాయన చెయ్యెత్తి నీళ్లకేసి చూపించాడు.

"ఆ ఇల్లా మేడమ్? అద్గో, కెరటం ఇరుగుతోంది సూడండి, ఆడే ఉండీది."

పాత ఊరు ఏటేటా కోసుకుపోయి సముద్రంలో కలిసింది. మొండిగోడలు కొన్ని మాత్రం ఇసకలో నిలబడి ఉన్నాయి. జనం సర్కారు కట్టించిన కొత్త కాలనీకి మారిపోయారు. అక్కడ ఆరా తీస్తే నలుగురు నూకమ్మలు తేలారు. వాళ్లలో కొడుకు విదేశం వెళ్లినది ఒక్కతే. ఎండుచేపల గంప ముందు కూర్చుని ఉంది. అరవై దాటిన మనిషి, చేతులు ఇంకా గట్టిగా ఉన్నాయి.

ఆ సాయంత్రమే మలేషియాతో మొదటి వీడియో కాల్. అవతల ఉన్నది గంగ కేసు చూస్తున్న సోషల్ వర్కర్. పేరు వరలక్ష్మి. పావుగంట ఇద్దరం ఇంగ్లీషులో సెక్షన్లు, కాగితాలు మాట్లాడుకున్నాం. పాపతో ఏ భాషలో మాట్లాడుతున్నారని అడిగాను.

ఆమె నవ్వింది. "తెలుగేనండీ. మా తాతల కాలంలో గోపాల్‌పూర్ రేవులో ఓడెక్కి తోటల్లో పనికొచ్చారంట. ఇంట్లో ఉప్పుడికీ తెలుగే మాటాడతాం. ఏటండీ, అలా సూస్తన్నారు?"

నేను కుర్చీలో ముందుకు జరిగాను. బరంపురం హల్దియాపదర్‌లో మా వీధి ఆడవాళ్లు మాట్లాడే మాటే అది! మా నాన్న రైల్వే ఉద్యోగం మీద శ్రీకాకుళం వైపు నుంచి ఇక్కడికి వచ్చారు. నా సర్వీసంతా ఒడియాలో, ఇంగ్లీషులో గడిచింది. అలాంటిది ఒక అంతర్జాతీయ కేసు మా ఇంటి భాషలో నడవబోతోందని నేను కలలో కూడా అనుకోలేదు.

డీఎన్‌ఏ పరీక్షకు పన్నెండు రోజులు చాలవు. అందుకని ఇద్దరం ఒక పద్ధతి అనుకున్నాం. తండ్రి తన ఊరి గురించి, ఇంటి గురించి చెప్పిన సంగతులను గంగ చేత చెప్పించి వరలక్ష్మి రాస్తుంది. అది నాకు పంపదు, నేరుగా సమితికి పంపుతుంది. నూకమ్మ చెప్పినవి నేను రాసి కవరు అంటించి ఇస్తాను. ఒకరి కాగితం ఇంకొకరు చూడం. రెండూ సమితే విప్పి పోల్చుతుంది. అక్కడి కోర్టు దీనికి ఒప్పుకుంది.

ఇందులో ఒక చిక్కుంది. జవాబులు రాసుకునేదాకా నూకమ్మకు ఏ సంగతీ చెప్పకూడదు. మళ్లీ కాలనీకి వెళ్లి, మీ అబ్బాయి కుటుంబం గురించి కొన్ని వివరాలు కావాలన్నాను. ఆమె గంప పక్కకు జరిపింది.

"తొమ్మిదేళ్లు దాటిపోనాదమ్మా ఆడి మాట ఇని. ఎల్లొద్దని తిట్టాను, కోపంగా ఎల్లిపోయాడు. ఉన్నాడా నేడా, అదొక్కటీ సెప్పు."

ఆ ప్రశ్నకు జవాబు నా సంచిలోనే ఉంది. "నువ్వు చెప్పేవి రాసుకున్నాక నేనే వచ్చి చెబుతాను పెద్దమ్మా, ఇంకెవరినీ పంపను" అన్నాను. ఆమె నా మొహంలోకి కాసేపు చూసి, అడగమంది. అప్పుడే ఆమెకు తెలిసిపోయిందనుకుంటాను. అయినా ఒక్కో ప్రశ్నకూ తడబడకుండా జవాబిచ్చింది. పిల్లలెంతమంది అంటే, "కొడుకొక్కడే." ఇరుగుపొరుగు వాళ్లూ అదే చెప్పారు.

విచారణకు ఇంకా అయిదు రోజులుందనగా సమితి రెండు కాగితాలూ విప్పింది. అధ్యక్షురాలు ఒక్కో అంశం పైకి చదివారు. తాబేళ్లు ఒడ్డుకొచ్చి గుడ్లు పెడతాయని నాన్న చెప్పాడని గంగ చెప్పింది. నూకమ్మా చెప్పింది. దాన్ని అధ్యక్షురాలు కొట్టేశారు, పొడంపేటలో ఎవరిని అడిగినా చెప్పే సంగతే అది. తండ్రికి నత్తి, ఊళ్లో నత్తోడనేవారు. కలిసింది. చిన్నప్పుడు కానాగంత ముల్లు గొంతులో దిగి ఆస్పత్రికి ఎత్తుకుపోయారు, అప్పటినుంచి ఆ చేప ముట్టడు. అదీ కలిసింది! నేను దాదాపు లేచి నిలబడ్డాను.

నాలుగోది చదివి ఆమె ఆగారు. తుఫాను నాడు నాన్నను మేనత్త వీపు మీద మోసుకెళ్లి కాపాడిందని గంగ చెప్పింది. నాన్నకు అక్క. నూకమ్మకేమో కొడుకొక్కడే.

ఈ తేడా తేలేదాకా సంతకం పెట్టనని అధ్యక్షురాలు ఒడియాలో నిదానంగా చెప్పారు. నాకు కోపం వచ్చింది కానీ ఆవిడ మాట న్యాయమే. మనిషి తప్పయితే, ఒక తల్లి కొడుకును ఇంకో తల్లికి అంటగట్టి, చావు కబురు కూడా తప్పు గుమ్మంలో చెప్పినవాళ్లమవుతాం. మళ్లీ ఒక్కసారి మాట్లాడటానికి అనుమతి ఇచ్చారు. మేనత్త మాట నేను ఎత్తకూడదని షరతు.

మర్నాడు కాలనీకి వెళ్లి నూకమ్మను ఒక్కటే అడిగాను. "పెద్దమ్మా, ఎర్రయ్య చిన్నప్పుడు తుఫాను వచ్చిందటగా. ఆ రోజు ఏం జరిగిందో మొదటినుంచీ చెప్పు."

ఆమె చెప్పడం మొదలుపెట్టింది. పడవలు కొట్టుకుపోవడం, తాటాకు కప్పు లేచిపోవడం, మొగుడు తాళ్లు పట్టుకుని బయటే ఉండిపోవడం. "నాను బియ్యం మూట ఎత్తుకున్నాను. ఈడిని మా పార్వతి ఈపు మీద..." అని ఠక్కున ఆగిపోయింది.

"పార్వతి ఎవరు?"

కొంగుతో అరచేతులు తుడుచుకుంది. "నా కూతురే."

"మరి మొన్న ఒక్కడే అన్నావు?"

"ఇచ్చేసిన పిల్ల కదమ్మా. ఆ తుఫాను తరవాత మా ఆయన పోయాడు. ఇద్దరికి కూడు పెట్టలేక, ఇచ్ఛాపురంలో పిల్లల్లేని మా సుట్టాలకి ఇచ్చేసినాను. ఇచ్చేసినాక మల్లీ నా కూతురంటే, పెంచినోళ్లకి అన్నేయం సేసినట్టు కాదా?"

ఇరుగుపొరుగూ అందుకే చెప్పలేదు. ఆ ఊళ్లో ఇచ్చేసిన పిల్లను కన్నతల్లి పిల్లల్లో కలిపి చెప్పరు. అధ్యక్షురాలికి అక్కణ్ణుంచే ఫోన్ చేశాను. తరవాత పొరుగాయన దగ్గర నంబరు సంపాదించి పార్వతికి చేశాను. ఎర్రయ్య గురించి అన్నానో లేదో, "వస్తన్నాను మేడమ్, వచ్చేస్తన్నాను" అని ఫోన్ పెట్టేసింది. ఇచ్ఛాపురంలో బస్సు పట్టుకుని, బరంపురంలో ఇంకోటి మారి, మధ్యాహ్నం రెండింటికల్లా ఆటోలో కాలనీలో దిగింది. నలభై దాటిన మనిషి, టైలరు పని చేస్తుంది. తల్లికంటే ముందు నా దగ్గరికే వచ్చి ఫోన్ చేతిలో పెట్టింది.

తెర మీద ఒక ఫొటో. నవ్వుతున్న యువకుడు, పక్కన అతని భార్య, మధ్యలో ఎర్ర దుప్పట్లో పసిపిల్ల.

"అమ్మకి సెప్పొద్దన్నాడు మేడమ్. బాగా సంపాదించి నానే వచ్చి కాళ్ల మీద పడతానన్నాడు. తరవాత ఆడి ఫోనే ఆగిపోనాది."

ఫొటోను సమితికి, మలేషియాకు ఒకేసారి పంపాను. మూడు నిమిషాల్లో వరలక్ష్మి వీడియో కాల్ చేసింది. ఊపిరాడనట్టు మాట్లాడింది. "ఉన్నాదండీ! మా దగ్గరున్నాది! ఇదే ఫొటో గంగ సంచిలో ఉన్నాది, ఇదే ఎర్ర దుప్పటి!" అటు ఆమె అచ్చు ఫొటో పైకెత్తి పట్టుకుంది, ఇటు నేను పార్వతి ఫోన్ పట్టుకున్నాను. ఉద్యోగంలో ఉండగా నేను గట్టిగా కేకపెట్టింది ఆ ఒక్కసారే.

ఆ తరవాత తల్లినీ కూతుర్నీ లోపల కూర్చోబెట్టి ఎర్రయ్య సంగతి చెప్పాను. మాటిచ్చాను కాబట్టి నేనే చెప్పాను. దాని గురించి ఇంతకంటే రాయను.

సమితి మర్నాడు ఉత్తర్వు ఇచ్చింది. విచారణ రోజు ఛత్రపురం కలెక్టరేట్ వీడియో గదిలో నూకమ్మ, పార్వతి పక్కపక్కన కూర్చున్నారు. నాయనమ్మకు వయసు మీరింది కదా అని న్యాయమూర్తి అడిగితే, తనూ బాధ్యత తీసుకుంటానని, పొడంపేటకే మకాం మార్చి అక్కడే మిషను పెట్టుకుంటానని పార్వతి చెప్పింది. తరవాత ఆయన పిల్ల ఇష్టం అడగాలన్నారు. ఎక్కడ ఉండాలన్న విషయంలో పిల్ల మాట వినడం దయ కాదు, అది పిల్ల హక్కు. రెండు దేశాల చట్టాలూ అదే చెబుతాయి. గంగ రెండు జడలతో తెర ముందుకొచ్చింది. జవాబు చెప్పే ముందు నాయనమ్మను ఒక మాట అడగాలంది.

"నాయనమ్మా, నీకింకా కోపమా? నాన్న సెప్పాడు, నీకు కోపమని."

నూకమ్మ లేచి తెర దగ్గరికి వెళ్లిపోయింది. ఎవరూ ఆపలేదు. "కోపమేటి నా తల్లీ. ఎప్పుడొస్తావు?"

గంగ న్యాయమూర్తి వైపు తిరిగి తల ఊపింది.

ప్రయాణ పత్రాలకు ఇంకో నెల పట్టింది. వరలక్ష్మే పాపను వెంటబెట్టుకుని భువనేశ్వర్‌లో దిగింది. సమితి ఎదుట అప్పగింత కాగితాల మీద మా ఇద్దరి సంతకాలు పడ్డాయి. నేను పదవీ విరమణ చేసేలోపు, నియమం ప్రకారం మూడుసార్లు వెళ్లి చూసి వచ్చాను. గంగ బడికి వెళ్తోంది, ఒడియా నేర్చుకుంటోంది. మూడోసారి వెళ్లినప్పుడు మేనత్త కుట్టిన గౌను తొడుక్కుని ఉంది.

ఈ కేసు తరవాత మా జిల్లా పరిశీలన ఫారంలో ఒక మార్పు చేయించాను. "పిల్లలు ఎంతమంది" అన్న గడి తీసేసి రెండు గడులు పెట్టాం. కన్నది ఎంతమందిని, పెంచింది ఎంతమందిని. నూకమ్మ అబద్ధం చెప్పలేదు. మేము అడిగిన ప్రశ్నకు తన ధర్మం ప్రకారం జవాబు చెప్పింది. రెండు వాంగ్మూలాలు కలవనప్పుడు, మనిషిని అనుమానించే ముందు మన ప్రశ్నను ఒకసారి తిరగేసి చూసుకోవాలి. నా తరవాత ఆ కుర్చీలోకి వచ్చిన అధికారికి బాధ్యతలు అప్పగించిన రోజున నేను చెప్పింది ఈ ఒక్క మాటే.