విఠల్ పిడికిట్లో తాళాలు

విద్యావతి ప్రతి శనివారం తమ్ముడికి గడ్డం గీస్తుంది. తమ్ముడి పేరు విఠల్. వయసు ముప్పై నాలుగు, బుద్ధి మాత్రం ఆరేళ్ల దగ్గరే ఆగిపోయింది. మంగలి కత్తి తీస్తే ఏడ్చి వీధంతా ఏకం చేస్తాడు. అక్క తీస్తే బుగ్గలు పూరించి బుద్ధిగా కూర్చుంటాడు. ఆమె నారాయణగూడలో ఒక ఆడపిల్లల బడిలో కుట్లు, అల్లికలు నేర్పుతుంది. శనివారం ఒంటిపూట బడి. మధ్యాహ్నం సంచిలో సబ్బు, బ్రష్షు, బ్లేడు వేసుకుని అప్పట్లో చిక్కడపల్లికి నడిచిపోయేది.

విఠల్ ఉండేది చిక్కడపల్లి, అశోక్ నగర్ కలిసేచోట ఒక సందులో, 'కరుణా కుటీరం' అని బోర్డు కట్టిన ఇంట్లో. బుద్ధి ఎదగని మగవాళ్లు ఎనిమిది మంది అక్కడ ఉండేవారు. నడిపేది జగన్మోహన్. సర్కారు ఆఫీసులో హెడ్ క్లర్కుగా రిటైరయ్యాడు. కింది వాటాలో కిరాయికున్నవాళ్లు నీళ్ల కోసం రోజూ కొట్లాడుతున్నారని వాళ్లను ఖాళీ చేయించి, నీళ్ల గురించి నోరెత్తని వాళ్లను తెచ్చిపెట్టుకున్నాడు. దాన్ని సేవ అంటాడు. ఎనిమిది మందినీ "మా పిల్లలు" అంటాడు. ఆ పిల్లల్లో ఒకాయన జగన్మోహన్ కంటే రెండేళ్లు పెద్ద.

ఆయన నడుముకు ఒక తాళాల గుత్తి వేలాడుతుండేది. గేటు తాళం, వంటింటి అల్మారీ తాళం, మందుల పెట్టె తాళం, టెలిఫోన్ డయలుకు వేసే చిన్న తాళం, అన్నీ అందులోనే. తెల్లవారి లేచింది మొదలు ఆయన చేసే సేవలో ఎక్కువ భాగం వాటిని తీయడం, వేయడం.

తల్లి చనిపోయాక విద్యావతి కొన్నేళ్లు తమ్ముడిని అశోక్ నగర్‌లో తన రెండు గదుల్లోనే పెట్టుకుంది. సంబంధాలు వచ్చేవి. వచ్చినవాళ్లు ఆమెను చూసేవారు కాదు, లోపలి గదిలో కూర్చుని తలుపు సందులోంచి నవ్వుతున్న విఠల్‌ను చూసేవారు. "ఈయన ఎవరి దగ్గరుంటడు?" అని అడిగి, జవాబు విని, పెట్టిన ఉప్మా తిని పోయేవారు. తర్వాత ఇంటాయన పైగదులు పరీక్షలకు చదివే కుర్రాళ్లకు ఇచ్చాడు. విఠల్ అరుపులకు వాళ్ల చదువు పాడవుతోందన్నాడు. పాడైపోయేంత చదువు అక్కడ జరుగుతున్నట్టు ఆ వీధిలో ఎవరికీ తెలియదు. అయినా మాట వినవలసింది విద్యావతే. బోర్డు మీద అక్షరాలు గుండ్రంగా, అందంగా ఉన్నాయి. ఆమె నమ్మింది.

చేర్పించిన రోజున ఆమె జగన్మోహన్‌కు రెండు సంగతులు చెప్పింది. ఒకటి, విఠల్‌కు ఫిట్స్ ఉన్నాయి, రోజూ పొద్దునా రాత్రీ గోళీలు వేయాలి, నెలనెలా తనే కొనిస్తుంది. రెండు, ఎప్పుడైనా వస్తే చేతిలో ఇనుము పెట్టాలి, తాళాలైనా ఫరవాలేదు. వాళ్లమ్మ అట్లాగే చేసేది. వచ్చిన ఫిట్స్ రెండు మూడు నిమిషాల్లో వాటంతట అవే పోయేవి. దానంతట అదే పోయే జబ్బుకు ఏం చేసినా పనిచేసినట్టే కనిపిస్తుంది. జగన్మోహన్‌కు మొదటి సంగతి కంటే రెండోది బాగా నచ్చింది.

1994 ఆగస్టులో ఒక శనివారం ఆమె వెళ్లేసరికి గేటుకు లోపలినుంచి తాళం వేసి ఉంది. వరండాలో చాప మీద విఠల్ కొట్టుకుంటున్నాడు. కళ్లు పైకి తిరిగిపోయాయి, నోటివెంట నురగ. జగన్మోహన్ పక్కనే కుర్చీ వేసుకుని విసనకర్రతో విసురుతున్నాడు.

"ఎప్పటి సంది సార్?" విద్యావతి గేటు కడ్డీలు పట్టుకుని అరిచింది.

"అన్నాలు తిన్నంక షురువైంది. ఆగుతది, మళ్ల వస్తది. పరేషాన్ గాకమ్మా. ఇనుము ఇచ్చిన."

"అన్నాలప్పటి సందా? గంట దాటింది సార్! గేటు తీయిండ్రి!"

"ఎట్ల తీస్త? తాళాలు పిల్లగాని చేతిలున్నయి."

విఠల్ కుడి పిడికిలి బిగుసుకుని ఉంది. వేళ్ల సందుల్లోంచి గేటు తాళంచెవి తోక ఒక్కటే బయటికి కనబడుతోంది.

"చేతిలకెళ్లి తీయిండ్రి!"

"సగంల గుంజితె జోరైతదమ్మా. నీకు తెల్వదా? చేర్పిచ్చిన్నాడు నువ్వే చెప్తివి గద, ఇనుము వెట్టమని."

నిజమే. చెప్పింది తనే.

"మరి ఫోన్‌జేసి డాక్టర్‌ను పిలువుండ్రి."

"ఫోన్ తాళం గూడ అండ్లనే ఉన్నది," అన్నాడు జగన్మోహన్. ఆఫీసు వేళ అయిపోయింది, రేపు రమ్మని చెప్పే గొంతు అది. ముప్పై ఏళ్ల సర్వీసులో నేర్చుకున్న గొంతు ఒక్కరోజులో పోదు.

ఎదురుగా టీ బండి దగ్గరున్న కుర్రాళ్లు వచ్చారు. అందరూ గ్రూప్స్ పరీక్షలకు చదువుతున్నవాళ్లే, చంకల్లో లావుపాటి పుస్తకాలు. ఒకడు ఉల్లిగడ్డ వాసన చూపించమన్నాడు. ఒకడు ఉల్లిగడ్డ కాదు, తోలుచెప్పు అన్నాడు. మూడోవాడు దీన్ని ఇంగ్లీషులో ఎపిలెప్సీ అంటారని, అది మెదడుకు సంబంధించిందని వివరించాడు. తప్పేం చెప్పలేదు, మార్కులు పడతాయి. రాజ్యాంగంలోని అధికరణలు వరసపెట్టి అప్పజెప్పగల ఆ యువకుల్లో ఒక్కడికీ గేటెక్కి లోపలికి దూకడం రాలేదు.

"జర ఎవరన్నా దుంకుండ్రి తమ్మీ," అని విద్యావతి బతిమాలింది.

"ఓనర్ ఉన్నడు గద మేడం లోపల్నే. పర్మిషన్ లేకుంట ఎట్ల?" అన్నాడు ఇంగ్లీషు పేరు చెప్పిన కుర్రాడు.

పక్క ప్లాటులో కొత్త ఇంటికి పునాదులు తవ్వుతున్నారు. పాలమూరు నుంచి వచ్చిన కూలీలు. విద్యావతి అక్కడికి పరిగెత్తి గడ్డపార అడిగింది. పీరయ్య అనే కూలీ గడ్డపార పట్టుకుని గేటుదాకా వచ్చి, లోపలికి తొంగిచూసి ఆగిపోయాడు.

"ఇనుము చేతిలున్నది గదక్కా. ఇంగ భయమేంది?"

"తాళం పలగ్గొట్టన్నా, నీ కాళ్లు మొక్కుత."

"నేను కొడ్తె దొంగతనం కేసు నా మీద వడ్తది. పెద్దోళ్ల ఇల్లు. నువ్వే కొట్టు, తమ్ముడు నీ తమ్ముడాయె." గడ్డపార ఆమె చేతికిచ్చాడు. బరువుకు ఆమె ముందుకు తూలింది.

మొదటి దెబ్బ గోడకు తగిలింది. కుర్రాళ్లు వెనక్కి జరిగారు. రెండో దెబ్బ తాళానికి తగిలి జారింది. అప్పుడు జగన్మోహన్ కుర్చీలోంచి లేచాడు. విఠల్ కొట్టుకుంటున్నంతసేపూ లేవని మనిషి, గేటు మోగగానే లేచాడు.

"ఏయ్! గేటు! గేటు ఖరాబ్ జేస్తున్నవ్! మొన్ననే రంగేపిచ్చిన!"

"నీ రంగు మీద మన్నుబొయ్య!" అంది విద్యావతి. పెద్దవాళ్లను ఏకవచనంలో పిలవడం ఆమెకు జీవితంలో అదే మొదలు. గడ్డపార సందులో దూర్చి మీదపడి వేలాడింది. తాళం పగల్లేదు, గేటుకు వెల్డింగ్ చేసిన కొండీ ఊడివచ్చింది.

గేటు తెరుచుకున్నాక సాయానికి కొదవలేదు. కేసంటూ పెడితే అది ఆమె మీదే కనుక పీరయ్య భుజాలు పట్టాడు, కుర్రాళ్లు కాళ్లు పట్టారు. ఆటోలోకి ఎక్కించారు. పిడికిలి మాత్రం ఎవరూ విప్పలేకపోయారు, విప్పాలని గట్టిగా ప్రయత్నించనూ లేదు. అందరి నమ్మకమూ లోలోపల ఇనుము మీదే.

నారాయణగూడలో మొదట కనిపించిన నర్సింగ్ హోం ముందు ఆటో ఆపించింది. డాక్టరు గది గుమ్మం దాకా వచ్చి అక్కడినుంచే చూశాడు.

"ఇది మెంటల్ కేసమ్మా. మేం తీసుకోం."

"మెంటల్ కాదు డాక్టర్ గారూ, ఫిట్స్."

"ఎక్కడుంటాడు?"

"హోంలుంటడు."

"మరి మెంటలే కదా." ఆయన లోపలికి వెళ్లిపోయాడు. రోగిని ముట్టుకోకుండా, చిరునామా విని రోగం తేల్చేంత చదువు చదివాడాయన. గోడ మీద పటం కట్టిన డిగ్రీలు మూడున్నాయి.

ఆటోవాడు అడక్కుండానే బండి సర్కారు పెద్దాసుపత్రికి తిప్పాడు. దారిలో సీటు పాడవుతోందని సణుగుతూనే ఉన్నాడు. కానీ ఎక్కడా ఆగలేదు.

క్యాజువాలిటీలో ఒక హౌస్ సర్జన్ అమ్మాయి నరానికి సూది వేసింది. కాసేపటికి విఠల్ ఒళ్లు వదులైంది. నర్సు పిడికిలి విప్పి గుత్తిని బయటికి లాగింది. అరచేతిలో తాళంచెవుల పళ్లు లోతుగా దిగి, నెత్తురు గడ్డకట్టింది. నర్సు వాటిని విద్యావతి చేతిలో పడేసి, "ఇంక నయం, నోట్ల వెట్టలే," అంది. విద్యావతి ఊపిరి పీల్చుకునేలోపు విఠల్‌కు మళ్లీ మొదలైంది. మళ్లీ సూది. మళ్లీ ఆగి, మళ్లీ మొదలు.

"రోజూ గోళీలు వేస్తున్నరా?" హౌస్ సర్జన్ అడిగింది.

"వేస్తున్నరు. నెలనెలా నేనే కొనిస్త."

"సరిగ్గ వేస్తుంటె ఇట్ల ఆగకుంట రావొద్దు. మెదడుల గడ్డేమన్న ఉన్నదేమో. ఇక్కడ స్కానింగ్ లేదు, ఊరవతల పెద్ద దవాఖానకు పంపాలె. కాని ఈ హాలత్‌ల దారిల తట్టుకుంటడా అంటె... నేను చెప్పలేను."

అంబులెన్సు కోసం మనిషిని పంపింది. ఆ సమయంలోనే జగన్మోహన్ వచ్చాడు. చొక్కా మార్చుకుని, తల దువ్వుకుని వచ్చాడు. గేటును తాడుతో కట్టి, మేనల్లుడిని కాపలా పెట్టి వచ్చానన్నాడు. మంచం మీద మనిషి ఎట్లా ఉన్నాడో అడగలేదు.

"తాళాలియ్యమ్మా. వంటింటి అల్మారీ తీయాలె. పిల్లలు ఆకలి మీదున్నరు."

విద్యావతి గుత్తి ఇవ్వబోయి, ఆగింది. అందులో మందుల పెట్టె తాళంచెవి కూడా ఉంది. దాని కొస మీద సన్నగా తుప్పు కట్టింది. మిగిలినవన్నీ రోజూ తిరిగి తిరిగి తళతళ మెరుస్తున్నాయి.

"సార్, మావానికి గోళీలు వేస్తున్నరా?"

"అదంత ఇప్పుడెందుకు? తాళాలియ్యి."

"వేస్తున్నరా, లేదా?"

"నాకు దబాయింపులు పడయమ్మా. గేటు పలగ్గొట్టినవ్, ఊకున్న."

విద్యావతి గుత్తిని జాకెట్లో దోపుకుంది. "తీస్కోండ్రి చూద్దాం," అంది.

వార్డంతా ఇటు చూస్తోంది. జగన్మోహన్ గొంతు తగ్గించాడు. "ఆ గోళీలకు పిల్లగాడు పొద్దంత పండుకుంటుండె. పని చెప్తె చేస్తలేడు. రెండు వారాల కింద బంద్ జేసిన. వస్తె ఇనుమున్నది గద అనుకున్న. మంచిగనే ఉండె, బకెట్లు మోస్తుండె."

"నాకు గాదు. ఆ డాక్టరమ్మకు చెప్పుండ్రి."

ఆయన చెప్పాడు. హౌస్ సర్జన్ ఆయన్ని ఒక్క మాట కూడా అనలేదు. తిట్టడానికి పట్టే సమయం ఆమె దగ్గర లేదు. అంబులెన్సు వద్దని కేకేసింది. మానేసిన మందునే సూదిలో ఎక్కించింది. జగన్మోహన్ చేయి చాపి అక్కడే నిలబడ్డాడు. విద్యావతి గుత్తి ఆ చేతిలో పడేసి, మళ్లీ అటు చూడలేదు. పొద్దు వాలేసరికి విఠల్‌కు ఫిట్స్ ఆగిపోయాయి. మర్నాడు కళ్లు తెరిచాడు. అక్కను పోల్చడానికి ఇంకో రోజు పట్టింది.

సోమవారం జగన్మోహన్ పోలీసు స్టేషన్లో గేటు పగలగొట్టిందని ఫిర్యాదు ఇచ్చాడు. కానిస్టేబుల్ బడికి వచ్చి హెడ్‌మిస్ట్రెస్ ముందే విద్యావతిని విచారించాడు. గోళీలు ఆపినందుకు ఎవరినీ ఎవరూ విచారించలేదు. దాని మీద ఫిర్యాదు ఎట్లా రాయాలో ఆమెకు చెప్పినవాళ్లు లేరు, రాసినా తీసుకునేవాళ్లు లేరని కానిస్టేబులే చెప్పాడు.

విఠల్ ఇప్పుడు దోమలగూడలో అక్క దగ్గరే ఉంటున్నాడు. అశోక్ నగర్ ఇంటాయన వాడిని మళ్లీ రానివ్వనంటే ఆమె ఇల్లు మారింది. ఆమె బడికి వెళ్లినప్పుడు పక్కింటామె చూసుకుంటుంది. ఎడమ కాలు కొంచెం ఈడుస్తాడు. మాటలు తగ్గాయి.

కరుణా కుటీరంలో విఠల్ ఖాళీ చేసిన చోట ఇద్దరు చేరారు. ఇప్పుడక్కడ తొమ్మిది మంది ఉన్నారు.