అవ్వ వేసిన ముడులు

చొప్పదండి దగ్గర మాకు అరెకరం ద్రాక్ష తోట ఉంది. మందులు కొట్టం, పేడతోనూ ఆవు మూత్రంతోనూ నెట్టుకొస్తున్నాం. మా ఆయన గల్ఫ్ నుంచి వచ్చేశాక పంతం పట్టి పెట్టిన తోట. ఊళ్లో అందరూ నవ్వారు, నేనూ కొంచెం నవ్వాను. మొదటి ఏడు ఒక్కో మొక్క పక్కన వెదురు కర్ర పాతి, తీగను దానికి కడుతూ పందిరి దాకా ఎక్కించాలి. ఆ పని మా అవ్వ, అంటే మా అమ్మ, మీదేసుకుంది.

అవ్వ సిరిసిల్లలో మరమగ్గాల మధ్య బతికిన మనిషి. బాపు పోయాక ఒక్కతే ఉంటానంటే బతిమాలి, గద్దించి మా ఇంటికి తెచ్చుకున్నాను. అల్లుడింట్లో ఊరికే తింటున్నానన్న బెంగ ఆమెను నిలవనిచ్చేది కాదు. తోటలో పని దొరికాకే మొహం విప్పారింది. పాత చీర పేలికలతో తీగలన్నీ కట్టింది. మగ్గం మీద తెగిన పోగుకు వేసే ముడే వేసింది. చిన్నది, గుంజినకొద్దీ బిగుసుకునేది. నేను చూసి మురిసిపోయాను కూడా.

పోగు లావెక్కదు, తీగ లావెక్కుతుంది. ఆ సంగతి మాకెవరికీ తట్టలేదు. వానలకు తీగలు జోరుగా పెరిగేసరికి, ముడి ఉన్న చోట కాండం నొక్కుకుపోయి పైన ఉబ్బింది. ఆకులు పసుపు తిరిగాయి.

అవ్వ ఇంటికొచ్చి సంచి సర్దుకోసాగింది.

"అల్లుని తోట ఆగం జేసిన బిడ్డా. ఏ మొఖం పెట్టుకొని ఉండాలె?"

"నువ్వు పోతే తీగలు బాగైతయా? కూసో జర," అని కసిరాను. కసిరానే గానీ నాకూ భయమే. మా ఆయనకు కోపం ముక్కు మీదుంటుంది. ఒక్క మాట తూలితే అవ్వ మళ్లీ మా గడప తొక్కదు.

ఆయన నేరుగా తోటకు పోయాడు. కత్తెర తీసుకుని ముడులన్నీ కోసేశాడు. బెరడును గోటితో గీకి చూస్తే లోపల పచ్చగానే ఉందట. కొన్నాళ్లకు కొత్త చిగుళ్లు వచ్చాయి. అయినా అవ్వ తోట వైపు పోలేదు.

తీగ పొద్దున పెళుసుగా ఉంటుంది, వంచితే విరుగుతుంది. ఎండకు మెత్తబడ్డాకే పందిరి మీదికి వంచాలి. ఒక మధ్యాహ్నం ఆయన గుమ్మంలో నిలబడి పిలిచాడు.

"అత్తమ్మా, తీగలు పందిరి అందుకున్నయ్. వంచి కట్టాలె, జర రా. నా చెయ్యి మొరటుది, విరుగుతయ్."

అవ్వ నా వైపు చూసింది. "మల్ల నన్నే పిలుస్తుండా?"

"నిన్నే. గీసారి ముడిల నా బొటనేలు పట్టేంత సందుండాలె, గంతే," అన్నాడు ఆయన.

అవ్వ కొంగు నడుముకు చెక్కుకుని ముందు నడిచింది. నాకు ఎంత నిమ్మళమైందంటే, పొయ్యి మీద కూర మాడుతున్న వాసన వచ్చినా లేవకుండా అక్కడే కూర్చుని ఏడ్చాను.