ట్యాంకులో చిటికెడు పసుపు

మొన్న కర్నూల్లో దగ్గరి బంధువుల పెళ్లికి పోయినప్పుడు కరెంటు పోయింది, హాలు వెనకాల జనరేటరు వేశారు. కాసేపు వినేసరికి నాకు సంగతి తెలిసిపోయింది. చప్పుడు మధ్యమధ్య తప్పుతోంది, కిటికీ బయట నల్లపొగ. ఆయిలు చిమ్మే ఇంజెక్టరు నాజిలు పట్టేసినట్టుందని పక్కనే ఉన్న పెళ్లికొడుకు మేనమామతో అన్నాను. ఆయన నా నెరిసిన తల వైపు ఒకసారి చూసి, అవ్వా, భోంచేసినావా అని అడిగాడు. ఒళ్లు మండింది గానీ, శుభకార్యం కదా అని ఊరుకున్నాను. ఎద్దులతో కపిల తోలి బావి నీళ్లు తోడడం మానేసి ఆయిలు ఇంజన్లు పెట్టుకున్న కాలం ఎరిగిన నా ఈడువాళ్లు ఎక్కడో ఉండకపోరు, వాళ్లకైనా చెప్పుకుందామని ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

మా నాయన కర్నూల్లో ఒక నూనె మిల్లులో ఇంజన్లు చూసేవాడు. మగపిల్లలు లేని మనిషి కాబట్టి ఆ విద్యంతా ముచ్చటగా నాకే నేర్పాడు. పొగ నల్లబడి, లోపల సుత్తితో కొట్టినట్టు మోగుతూ, పొద్దున చక్రం ఎంత తిప్పినా ఇంజను అంటుకోవడానికి మొరాయిస్తుంటే ముందుగా నాజిలునే అనుమానించాలనీ, ఆయిల్లో నలక లేకుండా చూసుకుంటే దాని జోలికి పోవాల్సిన పనే ఉండదనీ చెప్పేవాడు.

ఆంధ్ర రాష్ట్రానికి కర్నూలు రాజధానిగా ఉన్న ఆ రోజుల్లోనే నన్ను కోడుమూరు దగ్గర ఒక పల్లెకు ఇచ్చారు. మామ అప్పుడే బావి మీద కొత్త ఇంజను పెట్టించి, దాన్నే నమ్ముకుని మూడెకరాల్లో ఎర్రగడ్డ, అదే ఉల్లి, నాటించి ఉన్నాడు. ఆ ఇంట్లో కోడలు మామ ఎదుట నోరు తెరవకూడదు, ఏదున్నా అత్త చేతనో పెనిమిటి చేతనో చెప్పించాలి. కొత్త కోడలికి ఇంజను పని తెలుసంటే నలుగురూ నవ్వుతారని నేనూ గుట్టుగానే ఉన్నాను. అదే నా బుద్ధితక్కువ.

సరిగ్గా గడ్డ ఊరే సమయంలో ఇంజను చప్పుడు మారింది. నేను పెరట్లో జొన్నలు చెరుగుతూ వింటున్నానే గానీ పైకి చెప్పలేదు. మూడోనాటికి అది పూర్తిగా నిలిచిపోయింది. కర్నూలుకు కబురుపెడితే మెకానిక్కు రావడానికి నాలుగు రోజులన్నారు. మళ్లు నెర్రెలిచ్చి, ఎర్రగడ్డ ఆకు కొనలు మాడడం మొదలుపెట్టాయి, ఇంకో రెండు రోజులు నీళ్లు తప్పితే ఆ యేటి పంట మట్టిపాలే. అంతలో సేద్యానికి ఉన్న జీతగాడు ఇంటికొచ్చి, మా ఆయన నాజిలు విప్పి తుమ్మముల్లుతో పొడవబోతున్నాడని అత్తతో చెప్పాడు. అయ్యో అయ్యో అనుకుంటూ కొంగు బిగించి బావి దాకా పరుగెత్తాను, నా వెనకే అత్త.

"ముల్లు పెట్టొద్దు! ఆ బెజ్జం శానా సన్నం, పెద్దదైతే ఇంగ అది పనికిరాదు" అని అరిచాను. చూస్తే మామ అక్కడే ఉన్నాడు. చప్పున ఆయనకు వీపు తిప్పి, మిగిలిందంతా మా ఆయనకే చెప్పాను. మామ కూడా బావి వైపు చూస్తూ, "ఏం జేయల్లనో అడుగురా" అన్నాడు.

ఇంజెక్టరును బయటే ఆయిలు గొట్టానికి బిగించి చక్రం తిప్పమన్నాను. చిమ్మే ధార చర్మంలోకి దిగబడుతుంది, చెయ్యి అడ్డం పెట్టొద్దని ముందే చెప్పాను. సన్నటి మంచులా చిమ్మాల్సిన ఆయిలు చుక్కచుక్కగా కారింది. కొన నమిలి కుచ్చులా చేసిన వేపపుల్లతో, శుభ్రమైన కిరసనాయిల్లో నాజిలు కడిగాను. తర్వాత ఫిల్టరు విప్పితే పచ్చటి ముద్ద, ట్యాంకు అడుగున రెండు అక్షింతలు.

నాకు అర్థమైపోయింది. ఆ ఇంట్లో దేనిలో ఏది పోసినా ముందు చిటికెడు పసుపు పడాలి. గొర్రు మీద విత్తనాలు పోసే జడ్డిగమైనా, గాదె అయినా అంతే. అత్త ఇంజనునూ అట్లాగే అనుకుని శుక్రవారం శుక్రవారం ట్యాంకులో వేస్తూ వచ్చింది. ఏమిటే ఇది అని మా ఆయన అడిగాడు. కాలువ గట్టు మీద అత్త ముఖం పాలిపోయి ఉంది. ఆమె నన్ను కూతురిలా చూసుకునేది. "ఆయిల్లో మట్టి పడినట్టుండాది" అనేశాను.

ఆయిలు పోసేది జీతగాడు. మామ వాడి మీద విరుచుకుపడ్డాడు. "గుడ్డ కట్టి పోయరా అంటే ఇనవు. రేపట్నించి పనికి రావొద్దు, పో!" పిల్లప్పట్నుంచీ ఆ ఇంటి పనే చేసిన మనిషి, తలగుడ్డ తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. ముల్లును చూసి అంత గొంతు చేసుకున్నదాన్ని, అప్పుడు నా నోరు పెగల్లేదు.

మామ మాటకు ఎన్నడూ ఎదురు చెప్పని అత్త గట్టు దిగి వచ్చింది. "వాన్నేమీ అనొద్దు. పసుపేసింది నేను, అనేదుంటే నన్నే అనల్ల. నా మర్యాద నిలబెట్టల్లని ఈ బిడ్డ అబద్ధమాడింది" అంది. మామ తానే ట్యాంకు వంచి ఆ ఆయిలంతా పారబోశాడు. ఫిల్టరు కడిగి, అన్నీ బిగించి, వేరే ఆయిలు పోశాక జీతగాడి వైపు తిరిగి, "ఇంగ చక్రం తిప్పుపో అప్పా" అన్నాడు. రెండో తిప్పుకే ఇంజను అంటుకుంది. సగం పంట దక్కింది.

ఆ మరునాటి నుంచి అత్త తన పాత మెత్తటి చీర నాలుగు మడతలు వేసి, ఆయిలు తానే వడగట్టేది. డ్రమ్మును ఒక రోజు కదలనివ్వకుండా ఉంచి, అడుగు ఆయిలు ట్యాంకులో పోయనిచ్చేది కాదు. బొట్టు మాత్రం ట్యాంకు మూత పైన పెట్టేది. ఆ ఇంజను ఉన్నన్నాళ్లూ నాజిలు మళ్లీ పట్టలేదు.

తర్వాత కరెంటు మోటార్లొచ్చాయి, బోర్లొచ్చాయి, ఆ బావీ పూడిపోయింది. ఇప్పటి ఇంజన్లు తమ జబ్బేమిటో అద్దం మీద అక్షరాల్లో చూపిస్తాయట, సంతోషమే. ఆ జీతగాడు తర్వాత ఇరవయ్యేళ్లు మా దగ్గరే ఉన్నాడు. నన్ను ఎప్పుడూ చల్లగా అమ్మా అనే పిలిచాడు, ఆనాటి మాట ఒక్కసారీ ఎత్తలేదు. తప్పయింది అప్పా అని అడగాలని ప్రతి ఏడూ ఎర్రగడ్డ నాట్లప్పుడు అనుకునేదాన్ని. కోడలి బిడియం పోయి ఎవరితోనైనా మాట్లాడగలిగే వయసు నాకు వచ్చేసరికి, అతను లేడు.